నిమ్మచెట్టు మీద పికిలిపిట్ట

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా గొంతుకు ఉన్నంత చెడ్డపేరు ఇంక దేనికీ లేదు. పెనుకొండ కోట మీది కోతులు మా మిద్దె మీదికి దిగేవి. శెనక్కాయలు ఎండబోసినప్పుడల్లా కాపలా నాదే. నేనొక కేక వేస్తే వీధి చివర ఉన్న కోతి కూడా పరుగెత్తేది. మా నాయనకు అక్క అయిన పెద్దత్తకు మాత్రం ఆ కేక వింటే ఒళ్లు మండేది. పెరట్లో నిమ్మచెట్టు మీద గూడు కట్టుకున్న పికిలిపిట్టను చూపించి, "ఆడపిల్లంటే అట్లుండాల. నువ్వు కోతిజాతి," అనేది.

నాకు ఆ రెండూ ఇష్టమే. రెండింటికీ నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టు ఉంటుంది. ఒకటి పాడుతుంది, ఒకటి దోచుకుంటుంది. దొంగను తరిమే నన్ను దొంగల్లో కలపడం ఏం న్యాయమో నాకు తెలిసేది కాదు.

ఐదో తరగతి అయ్యాక నన్ను పెద్దబడికి పంపాలా వద్దా అన్న మాట వచ్చింది. "ఇప్పుడే ఇంత గొంతు. బడికి పోతే మన మాట వింటాదా?" అంది పెద్దత్త. నాయన అక్క మాట దాటడు.

మరునాడు నాయన తల్లి, మా అవ్వ, కూతురినీ కొడుకునూ వెనక వాకిట్లో కూర్చోబెట్టి, పిట్ట పాట వినమంది. నేనూ వాళ్ల పక్కన చేరాను. నిమ్మచెట్టు మొదట్లో గుప్పెడు శెనక్కాయలు చల్లి, కట్టె పట్టుకుని గోడవార నిలబడింది. కాసేపటికే ఒక కోతి దిగింది. కాయలు తినేసి చెట్టెక్కి, గూడు వైపు చెయ్యి చాపింది.

పిట్ట పాడలేదు. గరగరా అరుస్తూ కోతి మొహం మీదికి దూకింది. ఎక్కడినుంచో దాని జత కూడా వచ్చింది. రెండూ కళ్ల దగ్గర పొడుస్తుంటే కోతి కొమ్మ వదిలేసి గోడ దూకింది. అవ్వకు కట్టె ఎత్తే పనే పడలేదు.

"పిట్ట మాదిరి ఉండమంటివి గదమ్మా," అంది అవ్వ కూతురితో. "నీ మేనకోడలు అట్లే ఉండాది. శెనక్కాయలకే అంత గొంతెత్తేది, బడి కోసం ఊరుకుంటాదా?"

నేను ఊరుకోలేదు. "నాయనా, నేను బడికి పోతా," అన్నాను, వీధిలోకి వినబడేటట్టు. నాయన అక్క వైపు చూశాడు. ఆమె గూడు వైపు చూస్తోంది.

"పోదువులే, మెల్లగా చెప్పు," అన్నాడు.

"పోతా," అన్నాను మళ్లీ, అంతే గట్టిగా.

ఇప్పటికీ నలుగురిలో మాట్లాడుతుంటే, కొంచెం మెల్లగా అమ్మా అనేవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. ఆ పిట్ట పాట ఎలా ఉండేదో మరిచిపోయాను గానీ, ఆ అరుపు మాత్రం నా గొంతులోనే ఉంది. చెప్పిన మాటనే మళ్లీ మొదటినుంచి, ఇంకాస్త గట్టిగా చెబుతాను.