మోట ఎడ్లు, పందెపు కారు

మా మేనమామకు తెలివి లేదని నేను ఏనాడూ అనలేదు. ఉన్నదంతా మీసం దువ్వుకోవడానికే సరిపోయేది. యుద్ధం అయిపోయి దొరలు సామాన్లు అమ్ముకుని పోతున్న రోజుల్లో, గుంటూరులో ఒక దొర దగ్గర రెండు సీట్ల పందెపు కారు కొన్నాడు. దాని కడుపు నేలకు జానెడెత్తు. నరసరావుపేట దాటి మా ఊరికి వచ్చేది బండ్ల బాట. పెట్రోలు కూపన్ల మీద తప్ప దొరకదు. అందుకని ఒకసారి ఊళ్ళోకి వచ్చాక ఆ కారు మళ్ళీ ఊరు దాటలేదు. ఎద్దుబండిని ఎండలోకి నెట్టి, కారును కొట్టంలో పెట్టించి, కొట్టానికి గ్యారేజి అని పేరు పెట్టాడు. పేరు పెట్టడంతో ఆయన పని అయిపోయింది.

నాన్న పోయాక అమ్మ, నేను మామ ఇంటి పక్కనే ఉండేవాళ్ళం. అమ్మ ఆయనకు అక్క. ఆమె వాటా మిరపతోట మామ బావి కిందే ఉంది. ఆ ఏడు బావిలో నీళ్ళు బాగా లోతుకు దిగాయి. ఎడ్లతో మోట తోలి, తోలు బానతో తోడిన నీళ్ళు మామ చేను తడిపేసరికే పొద్దు గుంకేది. అమ్మ తోట పూత మీద ఉంది. నీళ్ళు అందితే కాయ, అందకపోతే పొయ్యిలోకి కట్టె. కొత్త ఆయిలింజన్లు ఎక్కడా దొరకడం లేదు. బావి దగ్గర ఒక పంపు పెట్టి, కారు ఇంజను ఊడదీసి దానికి బిగిద్దామని నేను చెప్పాను. మర్నాటికి అది మామ ఆలోచన అయింది. పంపుకు సరిపడా కూపన్లు ఎట్లాగైనా తెస్తానని అరుగు మీద అందరికీ చెప్పాడు.

నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాది పేట గ్రంథాలయంలో చదువుకున్నాను. మోటారు యంత్రాల మీద అక్కడున్న ఇంగ్లీషు పుస్తకాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. మా ఊళ్ళో అంత పని చేసినవాడు ఇంకొకడు లేడు, ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

"మామా, బియ్యం మిల్లులో చైను కప్పీ ఉంది. అడిగి తెద్దాం. దాంతో అయితే ఇంజను అంగుళం అంగుళం దిగుద్ది," అన్నాను.

"ఆ మిల్లోడి గడప నేను తొక్కాలా? పోయినేడు తిరనాళ్ళలో నా ప్రభ బండికి అడ్డం తన ప్రభ బండి పెట్టించినోడు వాడు. నా మోట ఎడ్లు బావిలోంచి బానను లాగట్లా? ఇదేందిరా, ఇనప బాన!"

కొట్టం దూలానికి బావి గిలక కట్టించాడు. మోకు ఒక కొస ఇంజనుకు, రెండో కొస బయట నిలబెట్టిన ఎడ్ల కాడికి. మోట తోలే ముసలాయన ఎడ్ల దగ్గర నిలబడ్డాడు. నేను కూలీలతో ఇంజను మీది మూత తీయించి, రేడియేటరు విప్పించి, బోల్టులు ఊడదీయించాను.

"ఇంజను లోపల నీళ్ళు నిలిచి ఉంటాయి మామా. పక్కన చిన్న కుళాయి ఉంది, అది తిప్పి వంచేయాలి."

కుళాయి తుప్పు పట్టి తిరగలేదు. మామకు ఓపిక లేదు. రేడియేటరు గొట్టం ఊడిన చోట గుడ్డ కుక్కాడు. "చెంబెడు నీళ్ళకు ఇంత పురాణమేందిరా అల్లుడా! నీకు పుస్తకాలు చదివి చదివి భయం పట్టుకుంది."

ఎడ్లు కదిలాయి. నిజం చెప్పాలి, ఇంజను బాగానే లేచింది. కూలీలు కారును వెనక్కి నెట్టారు. కింద మాచర్ల నాపరాళ్ళ నేల తప్ప ఏమీ లేదు. మామ మీసం మీద చెయ్యి వేశాడు.

"చూశావంట్రా? ఏ పుస్తకంలో ఉంది ఇది?"

ఇంజను గాలిలో ఒక పక్కకు ఒరిగింది. గుడ్డ ఊడింది. తుప్పు నీళ్ళు భళ్ళున నేల మీద పడ్డాయి.

మోట ఎడ్లను ఎవరూ అదిలించాల్సిన పని ఉండదు. బాన పైకి వచ్చి నీళ్ళు తొట్టిలో పడిన చప్పుడు వింటే, అవి వాటంతట అవే వెనక్కి నడుస్తాయి. ఏళ్ళ తరబడి రోజంతా చేసే పని అదే. ఆ చప్పుడు వినగానే రెండూ ఒద్దికగా వెనక్కి నడిచాయి.

"హో! హో! ఆగండే!" అని ముసలాయన అరిచాడు. ఎడ్లు తమ పని తాము చేశాయి. ఇంజను నాపరాయి మీద పడింది. పోత ఇనుము పై నుంచి కింద దాకా పగిలింది.

మామ నా వైపు తిరిగాడు. "నీళ్ళు, నీళ్ళు అని నువ్వు అంటానే ఉన్నావు. నీ నోరు మంచిది కాదురా."

అమ్మ కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది. "తోటకు నీళ్ళెప్పుడురా?" అని తమ్ముణ్ణి అడిగింది.

మర్నాడు ఆ ఎడ్లే మోటకు వెళ్ళాయి. నీళ్ళు ఎప్పటిలాగే మామ చేనుకు పారాయి. ఇంజను ముందే పగిలి ఉందని, దొర మోసం చేశాడని మామ వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. వాళ్ళూ తలలూపారు. మామ సాయంత్రాలు ఆ కారులో కూర్చుని చుట్ట కాల్చేవాడు.

మిరప పూత రాలింది, మొక్క ఎండింది. అమ్మ తోటంతా పీకించి, ఆ కట్టెను మోపులు కట్టించి, కారు ముందు భాగంలో ఇంజను ఉండే చోట కుక్కించింది. మామ ఉరికొచ్చాడు.

"ఏమే అక్కా, మతి ఉందా? అది రేసు కారే!"

"పరిగెత్తమను, చూద్దాం," అంది అమ్మ, ఇంకో మోపు తోస్తూ.