దూరంగా ఉండేవాళ్ల వంతు

కంప్యూటరు లోపల వంతులు చూడటం నా ఉద్యోగం. మా అత్తకు అట్లాగే చెప్పాను, ఆమెకు వెంటనే అర్థమైంది. పెద్ద మెషీన్లలో ప్రాసెసర్లు బోలెడుంటాయి. చాలాసార్లు వాటన్నింటికీ ఒకే వస్తువు కావాలి. ఇద్దరు ఒకేసారి చెయ్యి పెడితే అది పాడవుతుంది. కాబట్టి ఒకరు పట్టుకున్నంతసేపు మిగతావాళ్లు ఆగాలి. అట్లా ఆపే ఏర్పాటును లాక్ అంటాం. మెషీను మొత్తాన్ని నడిపించే అసలు ప్రోగ్రాము కెర్నెల్. దాని నిండా ఈ లాకులే. అవి ఎంత చురుగ్గా చేతులు మారితే మెషీను అంత చురుగ్గా నడుస్తుంది. ఏళ్ల తరబడి నేను చేసింది ఇదే.

మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఈ పాఠాన్ని మా సారు నోట్సు చెప్పి రాయించాడు. స్పిన్ లాక్ అంటే ఏమని ఐదు మార్కులకు వస్తుంది, వదలొద్దండి అన్నాడు. పరీక్షలో రాలేదు కానీ నాకు బతుకుతెరువైంది. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, తరువాత పెళ్లయింది. కరోనా రోజుల్లో అందరినీ ఇంటికి పంపినప్పుడు నేను పుంగనూరు, అంటే మా అత్తగారింటికి, వచ్చేశాను. మా ఆయన మదనపల్లెలో లెక్చరరు, రోజూ బస్సులో పోయొస్తాడు. పాప ఇక్కడే బళ్లో చేరింది. కొన్నాళ్లకు మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆఫీసుకు తిరిగిపోయారు. నేను పోలేదు. పని జరిగితే చాలు, ఎక్కడ కూర్చుంటే ఏమండీ అన్నాడు మా మేనేజరు. ఆ మాట నమ్మాను. పుంగనూరులో ఉండి ఈ పని చేసుకోనిస్తే చాలు, అంతకుమించి నేనేమీ కోరలేదు. జీతం పెంచని ఏడు కూడా నోరెత్తలేదు.

మా మెషీన్లలో ప్రాసెసర్లు గుంపులు గుంపులుగా ఉంటాయి. అదే గుంపులో పక్కనున్నదానికి లాక్ అందించడం చిటికెలో పని. వేరే గుంపుకు పంపాలంటే ఆలస్యం. కాబట్టి పక్కన ఎవరైనా కాచుకొని ఉంటే ముందు వాళ్లకే ఇచ్చెయ్యడం లాభం. ఇది నేను కనిపెట్టింది కాదు, ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన కిటుకే. మా మెషీనుకు తగినట్టు రాసే పని నా మీద పడింది. రాశాను. వేగం ఎగబాకింది, మేనేజరు మురిసిపోయాడు. నాకు మాత్రం ఒకటే బెదురు. దగ్గర దగ్గర ఉండేవాళ్లు తమలో తామే అందించుకుంటూ కూర్చుంటే, దూరపు గుంపు గతేమిటి?

ఈ బెదురు పుస్తకంలోంచి వచ్చింది కాదు, మా వీధిలోంచి వచ్చింది. ఎండాకాలం మాకు నీళ్ల ట్యాంకరు వస్తుంది. పైపు ఒకటే. ఒక ఇంటి తొట్టి నిండగానే పైపును పక్కింటికి జరపడం తేలిక, వీధి చివరికి లాక్కుపోవడం కష్టం. మొదట్లో ఉండేవాళ్లు ఆ సాకుతోనే తొట్లు నింపుకొని, డ్రమ్ములు నింపుకొని, చివరికి బిందెలు, చెంబులు కూడా బయటికి తెచ్చేవాళ్లు. ఒకసారి చివరింటామె వచ్చి పైపు మీద కాలు పెట్టి నిలబడింది.

"ఎంతసేపని మీలో మీరే పట్టుకుంటారు? ఆ చివర ఉండేవోళ్లు మనుషులు కాదా?"

"పైపు ఈడనే ఉండాది గదమ్మా. ఇంగొక్క ఇల్లు అయిపోతే పంపిస్తాం" అంది మా పక్కింటామె.

"ఇంగొక్కటి ఇంగొక్కటని ట్యాంకరు ఖాళీ చేస్తాండారు. నాకు తెలీదా?"

మా అత్త గడపలోంచే తీర్పు చెప్పింది. "మూడిండ్లు అయినాక పైపు ఆ చివరికి పోవాల్సిందే. తొట్టి నిండినా సరే, నిండకపోయినా సరే." అప్పటినుంచి మా వీధిలో అదే నడుస్తాంది.

నా లాకుకూ అట్లాంటి హద్దే పెట్టాను. దగ్గరివాళ్లకు ఇన్నిసార్లు ఇచ్చాక తప్పనిసరిగా బయటి గుంపుకు పోవాలి. దానివల్ల వేగం కాస్త తగ్గుతుంది. కాస్తే.

ఆ కాస్త కోసమే మీటింగు పెట్టారు. బెంగళూరులో గదినిండా మనుషులు, గోడకు తెర, ఆ తెరలో ఒక మూల పుంగనూరు నుంచి నేను. కస్టమరుకు చూపించే వేగం ఇంకొంచెం పెరగాలి, ఆ హద్దు తీసేస్తే ఎట్లుంటుంది అని మేనేజరు అడిగాడు. నేను తెర మీద చెయ్యెత్తిన గుర్తు పెట్టాను. ఒకడు మాట్లాడాడు. వాడు ముగించేలోగా పక్కవాడు అందుకున్నాడు. వాడి మాటకు ఎదుటివాడు నవ్వి ఇంకోటి కలిపాడు. నా చెయ్యి అట్లాగే ఎత్తి ఉంది. నడుమ దూరి "ఒక్క నిమిషం" అన్నాను, ఆ మాట గదిలో నవ్వుల కింద పడిపోయింది. చాట్‌లో రాశాను: హద్దు తీస్తే దూరపు గుంపుకు లాక్ ఎప్పటికీ దొరక్కపోవచ్చు. ఎవరూ చదవలేదు. టైమైపోయింది, మిగతాది బయట మాట్లాడుకుందాం అన్నాడు మేనేజరు. బయట అంటే కింద టీ కొట్టు. దూరపు కొండలు నునుపంటారు. దూరంగా ఉండే ఉద్యోగస్తులు అసలు కనిపించనే కనిపించరు. సాయంత్రానికి హద్దు తీసేసినట్టు మెయిల్ వచ్చింది.

ల్యాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి పోయాను. "యాలమ్మా, నోరు తెరవకుండా ఆడ ఏం మీటింగు చేస్తాండావు? అడగందే అమ్మైనా పెట్టదు" అంది మా అత్త. అడిగినాను అత్తా అన్నాను. ఆమె నమ్మలేదు. ఇంట్లో కూడా నా మాట నిలబడనందుకు నాకు ఏడుపొచ్చింది.

అయినా ఎదురుగా నిలబడి చెప్పాల్సిందేనని పట్టుబట్టాను. పాపను కుప్పంలో మా అమ్మ దగ్గర విడిచి పొద్దున్నే రైలెక్కాను. శాంతిపురం వైపు నుంచి బైకుల మీద వచ్చి స్టేషన్లో పరుగెత్తే, బెంగళూరులో పనులు చేసే పిల్లలంతా ఆ రైలే. ముగ్గురి సీట్లో ఐదుగురం కూర్చున్నాం. దారి పొడుగునా ఏం చెప్పాలో లోలోపల చెప్పుకుంటూనే పోయాను. ఆఫీసు గేటు దగ్గర నా కార్డు పని చెయ్యలేదు. సెక్యూరిటీ అతను సారీ మేడం అంటూ విజిటర్ అని రాసుండే కార్డు నా మెడలో వేశాడు. పైకి పోతే మా వరుసంతా ఖాళీ. బెంగళూరులో వాన, అందరూ ఇంటినుంచే పని చేస్తున్నారట. ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చొని, గోడకుండే పెద్ద తెర మీద మేనేజరుకు కాల్ చేశాను.

"అరె, వచ్చారా? ముందే చెప్పుంటే వచ్చేవాణ్ణి కదండీ" అన్నాడు. మొన్న మెయిల్లో చెప్పాను. నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. "మీ పాయింటు మంచిదే, తరువాతి వెర్షన్లో చూద్దాం" అన్నాడు. నా వెనకున్న ఖాళీ కుర్చీలు తెరమీద అతనికి కనిపించే ఉంటాయి. కుప్పం రైలు దొరకాలంటే వెంటనే లేవాలి. లేచాను.

తరువాత ఒక కస్టమరు దగ్గర మెషీను బిగుసుకుపోయింది. ఆదివారం పాపకు తల దువ్వుతుంటే ఫోను వచ్చింది. మెషీను తనకు జరిగిందంతా రాసిపెట్టుకునే లాగ్ తెరిచి చూశాను. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఒక గుంపు లాకును తనలో తనే తిప్పుకుంటూ ఉంది. అవతలి గుంపంతా కాచుకొని కాచుకొని పడిపోయింది. వాళ్లు తీసేసిన నా హద్దు లైన్లనే మళ్లీ పెట్టి పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మెషీను లేచింది. మరుసటి రోజు మేనేజరు అందరికీ అభినందనలు రాశాడు. గదిలో కూర్చునే ప్రతివాడి పేరూ ఉంది. నాదీ ఉంది, చివర.

కొన్ని నెలలకు కొత్త నిబంధన వచ్చింది. వారమంతా ఆఫీసుకు రావాలి, కుదరకపోతే ఉద్యోగం మానుకోవాలి. నేను మేనేజరుకు ఫోన్ చేసి ఎక్కడ కూర్చుంటే ఏమన్న అతని మాటే గుర్తుచేశాను. "నాకు తెలుసండీ. కానీ మీ పని ఎవరికీ కనపడటం లేదు, పైవాళ్లకు ఏమని చెప్పేది?" అన్నాడు. మెషీనును లేపింది ఎవరని అడిగాను. "అది టీమ్ కదండీ" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఈ ఇల్లు, మా ఆయన ఉద్యోగం, పాప బడి ఎత్తుకొని బెంగళూరు పోవడం అయ్యే పని కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. రాజీనామా రాశాను.

వెళ్లేముందు లాక్ గురించి అందరికీ వివరించి పొమ్మన్నారు. అదే నా చివరి మీటింగు. పుంగనూరు నుంచి తెరలో చూస్తే గది కిక్కిరిసి ఉంది. ఆ గంటంతా నాకే ఇచ్చారు. చెయ్యెత్తే పని లేకపోయింది. ఎవరూ నడుమ అందుకోలేదు, నవ్వలేదు. నేను ఆగితే వాళ్లూ ఆగి, చెప్పండి మేడం అన్నారు. హద్దు ఎందుకు పెట్టాలో, తీస్తే ఎవరు ఎండిపోతారో మొదటినుంచి చెప్పాను. అందరూ రాసుకున్నారు. నా పని నా దగ్గర్నుంచి తీసుకునేటప్పుడు ఎంత శ్రద్ధగా విన్నారో.

చివర్లో మేనేజరు, "ఇంత బాగా చెప్తారు, ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదండీ?" అన్నాడు. చాలా మంచిగా అడిగాడు, నిజంగానే తెలియనట్టు.

ఈసారి గట్టిగానే చెబుదామని ఊపిరి పీల్చుకున్నాను. అంతలో గదిలో ఎవరో కాఫీకి పోదామన్నారు. కుర్చీలు జరిగిన చప్పుడైంది.