జమ్ములమ్మ నోట్లో వెలుగు

గద్వాల కోటలో రాజుల కాలంలో ఎన్ని దీపాలు వెలిగాయో ఎవరికీ తెలియదు గానీ, వాటన్నిటినీ ఒక్కచోట పోగేసినా జమ్ములమ్మ నోట్లోని వెలుగు ముందు వెలవెలబోవలసిందే. ఇది ఉట్టి మాట కాదు. హైదరాబాదు నుంచి యంత్రం తెచ్చి, చీకటి గదిలో కూర్చోబెట్టి, ఫోటో తీసి మరీ తేల్చిన సంగతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఊళ్లన్నీ కలిపి ఆరువందల పన్నెండు నోళ్లు చూశారు. అందరికంటే ఎక్కువగా వెలిగిన నోరు ఆమెదే. పెద్ద చదువులు చదివిన మనిషి ఆ వెలుగు ఎక్కడిదో తెలియక పది రోజులు నిద్ర మానేశాడు. ఆమె మనవడు విజయ్ పదో తరగతి రెండుసార్లు తప్పాడు గానీ, ఈ ఒక్క పాఠం మాత్రం ఎవరు అడిగినా తడుముకోకుండా అప్పజెబుతాడు. అడగకపోయినా అప్పజెబుతాడు.

ఇది రెండువేల ఏడు నాటి సంగతి. అప్పటికి గద్వాల సాలెవీధిలో ఉండే జమ్ములమ్మకు అరవై రెండేళ్లు. భర్త మార్కండేయ పోయి ఆరేళ్లయింది. కొడుకు కురుమూర్తి గుంటమగ్గంలో కూర్చొని చీరలు నేస్తుంటే, ఆమె రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇస్తుండేది. అయితే ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. నాలుగు కండెలు చుట్టి లేచి చింతపండు ఎండబెట్టేది, రెండు చుట్టి వాకిట్లోకి పోయి వీధిలో ఎవరు పోతున్నారో చూసి వచ్చేది. ఆ ఇంట్లో ఆమె అసలు పదవి వేరు. మగ్గం దిగిన చీర సావుకారు దగ్గరికి పోయే ముందు ఆమె చేతిలోంచే పోవాలి.

చీరను తలుపు దగ్గర ఎండకు ఎదురుగా పట్టుకొని జానెడు జానెడుగా చూసుకుంటూ పోయేది. పోగు తెగిన చోట సన్నటి సందు కనబడుతుంది. అక్కడ సూదితో అదే రంగు పోగు చొప్పించి, గోటితో సర్ది, గంజినీళ్లు చిలకరించి ఆరబెట్టేది. సావుకారు కూడా ఎండకే పట్టి చూస్తాడు. ఆయన చూసేసరికి అక్కడ చూడటానికి ఏమీ ఉండకూడదు. నలభై ఏళ్లలో ఆమె సరిచేసి పంపిన చీర ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆమె నడుముకు ఎప్పుడూ ఒక రేకు డబ్బా ఉండేది. అందులో ఆకు, వక్క, సున్నం, పొగాకు. ఎడమ దవడలో ఒక ముద్ద అయిపోకముందే చేతిలో ఇంకోటి తయారయ్యేది. పొగాకు అయిపోతే విజయ్‌ను ఏసురత్నం కొట్టుకు తోలేది. నాలుగిళ్ల అవతల ఉన్న కొట్టుకు పోయి రావడానికి ఆ పిల్లగాడికి అరగంట ఎందుకు పట్టేదో ఆమె అప్పట్లో అడగలేదు.

ఆ ఏడు మొదట్లో, చలికాలంలో ఆమె ఎడమ దవడ లోపల ఒక తెల్ల మచ్చ లేచింది. మొదట కందిగింజంత, ఉగాది నాటికి చింతగింజంత. నొప్పి లేదు. కారం తగిలితే మాత్రం చుర్రుమనేది. మగ్గంలో పోగు మోసే నాడె ఆ అంచు నుంచి ఈ అంచుకు తిరిగినట్టు ఆమె నాలుక రోజంతా అక్కడికే పోయి వస్తుండేది. బల్మూర్‌లో ఇచ్చిన ఆమె అక్క అమృతమ్మకు కూడా ఇట్లాగే మొదలైంది. ఏడాదిన్నరలో దవడకు బొక్క పడి, గంజి కూడా మింగలేక ప్రాణం విడిచింది. చివరి నెలంతా ఆ అక్క నోట్లో చెంచాతో నీళ్లు పోసింది జమ్ములమ్మే. అందుకని ఆ మచ్చ ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. ముద్దను కుడి దవడకు మార్చింది, అంతే.

ఎండాకాలం సెలవుల్లో బడి ఖాళీగా ఉన్నప్పుడు హైదరాబాదు నుంచి ఒక వైద్య కళాశాల వాళ్లు దిగారు. పొగాకు నమిలే ఆడవాళ్ల నోళ్లు చూసి, క్యాన్సరు ముదరకముందే పట్టుకునే దారి వెతుకుతున్నారట. వాళ్లలో పెద్ద డాక్టరు సుమన. ఆమె వెంట మధు అనే యువకుడు. అతను డాక్టరు కాదు, భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నవాడు, అమ్రాబాద్ వైపు రైతు బిడ్డ. అతను చేసిన దీపం నీలంగా వెలుగుతుంది. ఆ వెలుగులో నోటిని చూడటానికి ఒక అద్దం. ఆ అద్దం మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే పొరలను ఒకదాని మీద ఒకటి తనే పూశాడు. ఆ పొరలు నీలాన్ని ఆపేసి పచ్చటి మెరుపును మాత్రం రానిస్తాయి. బాగున్న చర్మం లేత పచ్చగా మెరుస్తుంది. చెడ్డ చోటు నల్లటి గుంటలా కనబడుతుంది.

ఇదంతా సాలెవీధి ఆడవాళ్లకు ఎక్కేలా చెప్పాలని మధు బాగా ఆలోచించి ఒక మాట అన్నాడు.

"ఏం లేదవ్వా. మీరు చీరను ఎండకు పట్టి చూస్తరు గద. పోగు పోయిన కాడ సందు కనవడ్తది. గిది గూడ గట్లనే."

ఆ మాటే కొంప ముంచింది. మిగతావాళ్లకు సంగతి అర్థమైంది. జమ్ములమ్మకు తాను చేయవలసిన పని అర్థమైంది.

మరునాడు పొద్దున్నే దొడ్లోకి పోయి, ముతక నూలుగుడ్డ వేలికి చుట్టి, ఉప్పు అద్ది, ఆ మచ్చను రుద్దింది. కళ్లలో నీళ్లు కారినా వదల్లేదు. తెల్లటి పొర లేచిపోయి రక్తం చిమ్మింది. దాని మీద పసుపును నూనెలో కలిపి గట్టిగా అదిమింది. రెండో రోజూ, మూడో రోజూ అదే పని. అద్దంలో చూసుకుంటే తెలుపు జాడ లేదు. చూపించడానికి చీర సిద్ధమైంది.

బడి గది కిటికీలకు కంబళ్లు కట్టి చీకటి చేశారు. జమ్ములమ్మ కంటే ముందు పక్కింటి భీమమ్మ కూర్చుంది. కుడి దవడలో నల్లగా కనబడిందని ఆమెను సుమన ఉన్న గదికి పంపించారు. తర్వాత జమ్ములమ్మ నీళ్లు పుక్కిలించి వచ్చి నోరు తెరిచింది. మధు దీపం వేసి, అద్దంలోంచి చూసి, ఒక్క క్షణం ఆగి, దీపం ఆర్పి మళ్లీ వేశాడు. నల్లగా కాదు కదా, ఎడమ దవడంతా మిణుగురులు గుంపుగా వాలినట్టు వెలిగిపోతోంది. రెండు ఫోటోలు తీశాడు. ఇంత వెలుగు తానెక్కడా చూడలేదని అక్కడున్న వాళ్లందరికీ వినబడేలా అన్నాడు. నల్లగా ఉంటే అనుమానం, మెరిస్తే క్షేమం అని వాళ్ల పద్ధతి. చీటీ మీద 'బాగుంది' అని రాసిచ్చారు. ఆ చీటీ ఉన్నవాళ్లు డాక్టరమ్మ దాకా పోనక్కర లేదు.

సాయంత్రానికల్లా ఆ వెలుగు కబురు వీధి వీధంతా పాకింది. విజయ్ దాన్ని మోసిన తీరు చూస్తే దండోరా వేసేవాడికి కూడా సిగ్గేస్తుంది. జమ్ములమ్మ మాత్రం ఆ రోజు రాట్నం ముందు ఒక్క కండె కూడా నిలకడగా చుట్టలేకపోయింది. లేస్తుంది, నీళ్ల కుండ దాకా పోతుంది, నీళ్లు తాగకుండానే తిరిగి వస్తుంది. సావుకారును మోసం చేస్తే సావుకారు మోసపోతాడు. ఇక్కడ ఎవరు మోసపోయినట్టో ఆమెకు తేలడం లేదు. చీటీని రేకు డబ్బాలో ఆకుల కింద పెట్టింది. తొమ్మిదో రోజున నాలుక తగిలిన చోట మళ్లీ గరుకుగా ఉంది. అద్దం పెట్టుకుంటే, మచ్చ తెల్లగా, ఎప్పటిలాగే, ఇంకాస్త పెద్దదై కూర్చుంది.

ఆ రోజే భీమమ్మ వచ్చి గడప మీద కూలబడింది. నోట్లోంచి చిన్న ముక్క కోయించి పరీక్ష చేయించుకొమ్మని డాక్టరమ్మ అంటే, తాను రానని చెప్పి వచ్చేసిందట. జమ్ములమ్మ ఎందుకు పోనన్నావని అడిగింది.

"ఒక్క కొట్టు పొగాకే గదక్కా మనిద్దరిదీ," అంది భీమమ్మ. "నాకంటె రెండింతలు నమిల్తవు నువ్వు. నీ నోరేమో పెట్రోమాక్సు లెక్క వెలిగె, నాదేమో నల్లగైపాయె. గా యంత్రమే ఖరాబుది. దాని మాట ఇని నేను కోయించుకుంటనా?"

అక్కకు చెంచాతో నీళ్లు పోసిన చేత్తోనే జమ్ములమ్మ రేకు డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది. తాను ఒక్క సందును దాచిపెడితే, అది భీమమ్మ నోట్లో కూడా సందు పెట్టేటట్టుంది.

పరిశోధన వాళ్లు అప్పటికి పెద్దమందడి దవాఖానకు మారారు. మరునాడు తెల్లవారి బస్సుకు జమ్ములమ్మ భీమమ్మ చెయ్యి పట్టుకొని ఎక్కింది. ఎందుకో చెప్పలేదు. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటుతున్నప్పుడు అలవాటుగా డబ్బా తీసి ముద్ద చుట్టి నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు నమిలాక, తాను ఎక్కడికి పోతున్నదో గుర్తొచ్చి కిటికీలోంచి ఉమ్మేసింది. పెబ్బేరు దాకా నీళ్ల సీసా మొత్తం పుక్కిలిస్తూనే ఉంది. కండక్టరు ఆమెకు వాంతులు అవుతున్నాయనుకొని ముందు సీటు ఇప్పించాడు.

పెద్దమందడిలో మధు ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆమె ఫోటో ఇంకా అతని కంప్యూటరు మీదే ఉంది. జమ్ములమ్మ కూర్చోలేదు. నిలబడే, భీమమ్మ వింటుండగానే చెప్పేసింది.

"చీర జూపించే ముందర సరిజేసినట్టు జేసిన బిడ్డా. ఉప్పేసి రుద్దిన, పసుపు వెట్టిన. గా వెలుగు నాది గాదు."

సుమన డాక్టరుకు చాలా కోపం వచ్చింది. పుండును అట్లా గీకితే ఏమవుతుందో తెలుసా అని కేకలేసింది. మధు మాత్రం దవాఖాన వంటగదిలోకి పోయి, చిటికెడు పసుపు తెచ్చి, నూనె చుక్కతో గాజు పలక మీద రాసి, కిటికీ మూసి నీలం దీపం వేశాడు. పలక భగ్గున పసుపుపచ్చగా వెలిగింది. అతను గోడకు ఆనుకొని చాలాసేపు నవ్వాడు.

"పది రోజుల సంది నిద్ర లేదవ్వా. అద్దం మీది పొరలు తప్పు పూసిన్నేమో, యంత్రమే ఖరాబైందేమో అని పరేషానైతున్న."

"యంత్రం బాగనే ఉన్నది. ఖరాబైంది నా నోరు. ఇప్పుడు చూడు."

నోరు బాగా కడిగించి చూశారు. ఈసారి ఎడమ దవడలో నల్లటి గుంట. జమ్ములమ్మ దాన్ని తానూ చూస్తానని పట్టుబట్టింది. మధు ఫోటో చూపించాడు. చీరను చూసినట్టే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది.

"గింత సందా," అంది. "ఇది సూదితోని పోయేది గాదు."

ఆ రోజే ఇద్దరి నోళ్లలోంచీ చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. భీమమ్మే ముందు పోయి నోరు తెరిచింది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, పసుపు పెట్టుకునేదానివి నాకు కూడా చెప్పకపోయావని రెండు ఊళ్ల దూరం సాధించింది.

ఫలితం రావడానికి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ ఆ ఇంట్లో ఎవరూ స్థిమితంగా అన్నం తినలేదు. జమ్ములమ్మ చుట్టిన కండెలు వదులై నాడెలో చిక్కుపడితే కురుమూర్తి మొదట విసుక్కున్నాడు, తర్వాత నోరు మూసుకొని తానే చుట్టుకున్నాడు. డబ్బాలో పొగాకు తీసేసి లవంగాలు పోసుకుంది. కానీ ఫోను రావలసింది ఏసురత్నం కొట్టుకే. ఫోను వచ్చిందా అని రోజుకు ఆరేడుసార్లు పోవాలి. పోయినప్పుడల్లా పొగాకు వాసన ముక్కు పట్టుకొని లాగుతుంది. కొట్టుకు నాలుగు గజాల దూరంలో నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, అక్కడి నుంచే అరిచి అడిగేది. ఏసురత్నం లేదన్నట్టు చెయ్యి ఊపేవాడు. ఆమె వెనక్కి వచ్చి, వాకిట్లో ఒక చుట్టు తిరిగి, మళ్లీ పోయేది. ఒక పూట ఆ దారిలో ఆమె అడుగుల్ని విజయ్ లెక్కపెట్టాడు. మగ్గం మీద అన్నిసార్లు నాడె తిరిగితే మూరెడు చీర దిగేది.

పదమూడో రోజు ఫోను వచ్చింది. సుమన డాక్టరే మాట్లాడింది. ఇంకా క్యాన్సరు కాలేదు, కానీ ఆ దారి పట్టింది, ఆ ఎండాకాలం దాటితే తాను ఏమీ చెప్పలేకపోయేదాన్నని చెప్పింది. భీమమ్మది అంత దూరం కూడా పోలేదు. పొగాకు మానేసి, మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలు. జమ్ములమ్మ ఫోను పెట్టేసి ఏసురత్నం కొట్టు అరుగు మీద కూర్చుంది. కదలకుండా అంతసేపు ఆమె కూర్చోవడం ఆ వీధి అదే మొదటిసారి చూసింది.

హైదరాబాదులో మచ్చను కోసి తీసేశారు. భీమమ్మ తోడుగా పోయి, నాలుగు రోజులూ గంజి తాగించింది. ఇప్పటికీ జమ్ములమ్మ ఎడమ వైపు నోరు పూర్తిగా తెరుచుకోదు గానీ, తిట్టడానికి ఆ మాత్రం చాలు.

పరిశోధన ఆగలేదు. నాగర్‌కర్నూలుకు పోయేటప్పటికి మధు ప్రశ్నల కాగితంలో కొత్త వరస ఒకటి చేరింది. 'ఈ వారంలో నోట్లో పసుపు పెట్టుకున్నారా?' అక్కడ పదకొండు మంది పెట్టుకున్నామని చెప్పారట. వాళ్ల నోళ్లు కడిగించి మళ్లీ చూశారు. ఆ ప్రశ్నను పెట్టించింది ఏ ఆచార్యుడూ కాదు, ఏ డాక్టరూ కాదు, సంతకం కూడా రాని సాలెవీధి జమ్ములమ్మ.

రెండేళ్ల తర్వాత ఇదంతా రాసి, ఒక మధ్యాహ్నం విజయ్ ఆమెకు చదివి వినిపించాడు. ఆమె వింటూనే మూడుసార్లు లేచి పోయి వచ్చింది. చివరికి, ఎట్లా ఉందవ్వా అని అడిగాడు. జమ్ములమ్మ డబ్బాలోంచి ఒక లవంగం తీసి నోట్లో వేసుకొని మనవడి మొహంలోకి చూసింది.

"నా నోటి సంగతి మూడూర్లకు జెప్పినవ్, బాగనే ఉన్నది. ఏసురత్నం కొట్ల అరగంట నిలవడి ఏం నమిల్తుంటివో గది రాయలే. కాయితం పక్కన వెట్టు. నోరు తెరువు, చూస్త."