బిందెలు తోమిన రేకు పొడి

సాయంత్రం పోస్టుపెట్టె తీసేలోపు ఈ సంగతి పత్రికకు రాసి పడేయాలని కూర్చున్నాను.

ఈ రోజు మా కొవ్వూరు ఇంట్లో వంటగది మీది పాత సిమెంటు రేకులు దింపించి, పశువుల పాకకి సరిపోయేలా కోయించాం. మేస్త్రీ రంపం ఆడిస్తుంటే తెల్లటి పొడి పెరడంతా పరుచుకుంది. మా అన్నయ్య ఇలాంటి రేకుల ఫ్యాక్టరీలోనే పదేళ్లు చేసి, దగ్గుతో ఇంటికొచ్చేశాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఇక వదలదని డాక్టరు చెప్పాడట. అందుకే పని ఆపించి, నీళ్లు చల్లించి, పొడంతా గోతిలో పూడ్పించాను.

తీరా మధ్యాహ్నం చూద్దును కదా, మా అత్తగారు నూతి దగ్గర కొబ్బరి చిప్పలో అదే పొడి పెట్టుకుని ఇత్తడి బిందె తోముతున్నారు. నేను చూడకముందే ఎత్తిపెట్టారట.

"అత్తయ్యగారూ, అది మంచిది కాదండి. అన్నయ్య దగ్గు దానివల్లే."

"మీ అన్నయ్య పీల్చాడమ్మా. నేను తోముతున్నానంతే. ఇటుక పొడి కంటే ఎంత బాగా వదులుతోందో చూడు."

బిందె నిజంగానే తళతళలాడుతోంది. దగ్గేమో ఇక్కడ కనపడదు. చిప్ప లాక్కుని అదీ పూడ్చేశాను.

ఇందాకే పక్కింటి సూరమ్మగారు గోడ మీంచి పిలిచారు.

"మీ అత్తగారు పంపిన పొడి ఇంకాస్త ఉందా అమ్మా? చెంబులు మిగిలిపోయాయి."

ఇంకెవరెవరికి పంపారని అత్తగారిని అడిగాను. ఆవిడ ఇంకా వేళ్లు మడుస్తూనే ఉన్నారు. ఇది చదివే మా వీధివాళ్లెవరైనా ఉంటే, ముందు మీ నూతి గట్టు మీద చిప్ప చూసుకోండి.