ఎర్ర సంచుల్లో తెల్ల ద్రాక్ష

మా పక్క క్వార్టర్ బాబాయి పోయాడు. మొన్న మార్చిలో, డ్యూటీకి బయల్దేరి బూట్లు తొడుక్కుంటూ అలాగే పక్కకు ఒరిగిపోయాడు. గోడ అవతలి నుంచి పిన్ని నన్ను పిలిచిన తీరుకే చేతిలో కత్తెర అక్కడే పడేశాను. నేను పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. పెరట్లో ఆయన పందిరి మీద గుడ్డ సంచుల్లో ద్రాక్ష గుత్తులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఏడుస్తూనే నేను వాటివైపు చూశాను, చూసినందుకు నాకేం సిగ్గు లేదు. ఆయనైనా అదే చేసేవాడు.

మాకేం చుట్టరికం లేదు. ఆయనది శ్రీకాకుళం వైపు, మా పుట్టిల్లు ఇటు అడవి వైపు మద్దేడ్. కిరండూల్ ఇనుప గని మమ్మల్ని ఒకే గోడకు చెరో పక్కన పడేసింది. నేను "ఏంది బాబాయ్" అంటే "ఏటమ్మాయ్" అనేవాడు. ఒకరి తెలుగును ఒకరం వెక్కిరించుకోనిదే మాకు తెల్లారేది కాదు. గనిలో డంపర్ నడిపేవాడు, ఆదివారం చర్చికి వెళ్ళేవాడు. నేను బ్లౌజులు కుడతాను, గుడికి వెళతాను.

ఈ ఊళ్ళో కాపురం చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఇక్కడ అన్నీ ఎర్రబడతాయి. కొండ మీది ఇనుప రాయి దుమ్ము గోడలకు పడుతుంది, ఆకులకు పడుతుంది, దండెం మీది బట్టలకు పడుతుంది. వానొస్తే వాగు కూడా ఎర్రగానే పారుతుంది. అలాంటి చోట బాబాయి పట్టుబట్టి తెల్ల ద్రాక్షారసం చేశాడు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర తలా ఒక గుక్క పోయడానికి, తన పెరట్లోని ఒక్క తీగ నుంచి.

మొదటి కాపు పాడుచేసింది పిన్ని. పాపం, భక్తితోనే పాడుచేసింది. కిరండూల్ ఆడవాళ్ళం ఏదైనా ముందు కుళాయి కింద పెట్టి తోముతాం, ఆ తర్వాతే నోట్లో పెడతాం. దేవుడి బల్లకు వెళ్ళేది కదా అని ఆమె పండు పండునూ రుద్ది రుద్ది కడిగింది. పిండిన రసం జాడీలో పోస్తే పొంగలేదు, కదల్లేదు, చివరికి బూజు పట్టింది. ద్రాక్ష తొక్క మీద సన్నగా తెల్లటి పొడి ఉంటుంది. రసాన్ని పులియబెట్టి పొంగించేది అదే. దుమ్ముతో పాటు దాన్నీ కడిగేసింది.

"దుమ్ము పోవాల, పొడి ఉండాల. ఎలగమ్మాయ్?" అని అడిగాడు బాబాయి గోడ మీద మోచేతులు ఆనించి.

"దుమ్ము పడకుంటనే చూస్తే సరిపాయె కద బాబాయ్" అన్నాను. ఊరికే అన్నమాట. మర్నాడు పొద్దున్నే తన పాత తెల్ల పంచెలన్నీ తెచ్చి నా మిషను మీద పడేశాడు.

అప్పటి నుంచి ఏటా గుత్తికో సంచి కుట్టడం నా పని అయింది. పిందె పట్టగానే సంచి తొడిగి మూతి కట్టేవాళ్ళం. పండేసరికి సంచి ఎర్రగా అయ్యేది, లోపల పండు లేత పచ్చగా, పొడి చెదరకుండా ఉండేది. ఆయన దాన్ని నీళ్ళు తగలకుండా జాడీలోకి చేత్తోనే చిదిమేవాడు. ఒక రాత్రి తొక్కలతో ఉంచి వడకట్టేవాడు. "ఎక్కువసేపు ఉంచితే తొక్క చేదంతా దిగిపోద్ది" అనేవాడు. ఆపైన మూతికి గుడ్డ కట్టి, అటు వెళ్ళినప్పుడూ ఇటు వచ్చినప్పుడూ జాడీకి చెవి ఆనించేవాడు. లోపల చిటపట మొదలైన రోజు వీధి మొత్తానికి వినపడేలా కేకేసేవాడు: "అమ్మాయ్, లేచింది!"

తేరుకోవడానికి నెలలు పట్టేది. అడుగున మడ్డి కదలకుండా రబ్బరు గొట్టంతో పైది మాత్రం తీసేవాడు. ఎండుగడ్డి రంగులో ఉండేది. నేను మందు ముట్టను, కానీ కుట్టుకూలి కింద ఏటా ఒక చెంచాడు నాకు రావాల్సిందే. అప్పుడే కోసిన జామకాయ వాసన. ముందు పులుపు, ఆ పులుపు వెనకాల పిసరంత తీపి. ఆఖర్న నాలుక మీద ఇనుప గరిటె నాకినట్టు ఒక రుచి నిలబడేది. అది తప్పు కాదా అని అడిగాను ఒకసారి.

"తప్పేటి? అది కొండ రుచి. ఈ కొమ్మే పట్టుకెళ్ళి చర్చి దగ్గర వాగొడ్డున నాటేరు. తియ్యగా కాసింది గానీ, ఈ రుచి వచ్చిందేటి?" అన్నాడు. నిజమే, రాలేదు.

పాస్టరుగారు మంచివారు. ప్రభువు రక్తానికి గుర్తు కదా, ఎర్రగా ఉంటే బాగుంటుందని, కాస్త బీట్‌రూట్ రసం కలపమని అడిగారు. "కలిపితే కూరవుద్ది అయ్యగారూ" అన్నాడు బాబాయి. ఒక ఏడు కాపు తగ్గితే, జగదల్‌పుర్ బజారు ద్రాక్ష కలుపుదామన్నారు. "సాలకపోతే గ్లాసులు సిన్నవి పెట్టండి" అన్నాడు. ఆ చర్చిలో గ్లాసులు ఇవాళ్టికీ బొటనవేలంత ఉంటాయి. అందుకు కారణం మా బాబాయి మొండితనం, ఇంకేం కాదు.

ఇప్పుడు ఆయన లేడు. వేసవి దాటేలోపు పిన్ని క్వార్టర్ ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలి. రాబోయేవాళ్ళు పందిరి పీకి బండికి షెడ్డు వేసుకుంటారని ముందే తెలిసింది. అంటే ఇదే ఆఖరి కాపు.

"ఎవరికోసమమ్మా ఇంక? కోసి వీధిలో పిల్లలకి పంచీ" అంది పిన్ని.

నాకు కోపమొచ్చింది. "సంచులు కుట్టింది నేను. నన్నడగకుంట ఎట్ల పంచుతవ్ పిన్నీ?" అన్నాను. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

గుత్తులు పండేదాకా ఆగి ఇద్దరం కోశాం. మొదటి సంచి మూతి విప్పగానే పిన్ని చెయ్యి అలవాటుగా కుళాయి వైపు వెళ్ళింది. అక్కడే ఆగి నా ముఖం చూసి, గుత్తిని పొడిగానే బుట్టలో పెట్టింది. జాడీలోకి చిదుముతుంటే ఆమె కన్నీళ్ళు అందులో పడతాయేమోనని నాకు భయం. పక్కకు తిరిగి భుజంతో తుడుచుకుంది.

వడకట్టాం, గుడ్డ కట్టాం. రసం కదల్లేదు. మర్నాడూ అంతే. "ఆయన సెయ్యి పడనేదు కదా, లేవదులే" అంది పిన్ని. లేస్తుందన్నాను. పొడి చెక్కుచెదరలేదు, నా కళ్ళతో చూశాను. ఆమె ఊరెళ్ళాక, తేరుకునేదాకా జాడీ మా వంటింట్లో ఉంటుందనీ, చర్చికి నేనే మోసుకెళ్ళి ఇస్తాననీ, ఒక్క చుక్క కూడా ఇంకోదాంతో కలపనివ్వననీ చెప్పాను. సరేనని మళ్ళీ జాడీకి చెవి ఆనించింది.

ఆ మర్నాడు ఉదయం నేను ఖాళీ సంచులు ఉతికి ఆరేస్తున్నాను. ఎంత ఉతికినా ఎరుపు వదల్లేదు. బాబాయి పంచెల ముక్కలన్నీ దండెం పొడుగునా వేలాడుతున్నాయి. గోడ అవతల వంటింట్లోంచి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని పిన్ని గొంతు వీధి మొత్తానికి వినపడింది.

"అమ్మాయ్, లేచింది!"