వర్కర్ క్లాసుకి నేను చేర్చిన ప్రాపర్టీ

టెక్కలిలో ఇంజినీరింగ్ పూర్తిచేసి పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాను. పనివాళ్ళ హాజరు చూసే ప్రోగ్రాం విశాఖ వాళ్ళెవరో రాసిచ్చినది. అందులో ‘వర్కర్’ అనే క్లాసు, అంటే పనివాళ్ళందరి వివరాలకీ ఒకే అచ్చు. ప్రతి మనిషికీ పేరు, నంబరు, వచ్చిన రోజులు, రాని రోజులు. మనిషంటే అంతే. నెలలో ఆరు రోజులు రాకపోతే జాబితాలోంచి పేరు దానంతటదే పోయేది.

జీడిపప్పు పొట్టు తీసే ఒకావిడ ఉద్దానం నుంచి వచ్చేది. పిన్నీ అనేదాన్ని. కిడ్నీలు పాడై ఆ నెల నుంచే వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేది. మిగతా రోజులు పనిలోనే. ఒక సోమవారం ఆవిడ వేలు పెడితే హాజరు మిషను ఎర్రలైటు వేసింది.

“ఏటమ్మా, నాను బతికే ఉన్నాను కదా?” అంది నవ్వుతూనే. నాకు ఒళ్ళు మండింది.

మేనేజరు దగ్గరికెళ్ళి, ఆసుపత్రి రోజులు వేరేగా రాసే చోటు పెట్టిద్దామన్నాను.

“పోగ్రాంలో లేన్ది నానేటి సేత్తాను? ఆల ఫైలు ముట్టుకోకు” అన్నాడు.

ముట్టుకోలేదు. ముట్టుకోనక్కర్లేదు కూడా. క్లాసంటే ఇంటి ప్లాను, కట్టాక గది పెరగదని కాలేజీలో మా సారు చెప్పేవారు. ఈ ప్రోగ్రాం రాసిన పైథాన్ భాషలో పెరుగుతుందని ల్యాబులో నేను చేసి చూశాను. ప్రోగ్రాం నడుస్తుండగానే బయటినుంచి క్లాసుకి కొత్త ప్రాపర్టీ, అంటే ఇంకో వివరం, చేర్చొచ్చు. అప్పటికే అందులో ఉన్న ప్రతి మనిషికీ అది వచ్చేస్తుంది. ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా విడిగా ఒక చిన్న ఫైలు రాశాను. ‘వర్కర్’కి ‘చికిత్స రోజులు’ చేర్చాను. అవి రాని రోజుల కిందకి రాకుండా చేశాను. పిన్ని ఆసుపత్రి కాగితాలు చూసి తేదీలు కొట్టి, ఆవిడ పేరు మళ్ళీ ఎక్కించాను. పిన్ని మళ్ళీ వేలు పెట్టింది. పచ్చలైటు.

సాయంత్రానికి మేనేజరుకి తెలిసింది.

“ఎవుల్నడిగి సేసినావు?”

“మిమ్మల్నే అడిగినాను. వొద్దన్నారు. అయినా సేసినాను.”

“తీసీ.”

“నేను తియ్యను. మీరే తీసి, ఆవిడని పిలిచి మీ నోటితో సెప్పండి సార్.”

ఆయన నా కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకున్నాడు. జాబితా పైకీ కిందికీ జరిపాడు. పిన్ని పేరు దగ్గర ఆగాడు. చివరికి లేచి, “విశాకోల్లకి తెలిత్తే నా పేరు సెప్పకు” అన్నాడు.

“నా పేరే సెప్తాను” అన్నాను.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా నా ఫైలు కొట్టుకుపోతుంది. వచ్చిన ప్రతిసారీ మళ్ళీ పెడుతున్నాను. మొన్న విశాఖ వాళ్ళ మనిషి ఫోన్ చేసి, “మేడం, అది మా డిజైన్‌లో లేదు” అన్నాడు.

“అయితే మీరే చేర్చండి. చేర్చేదాకా నేను చేరుస్తూనే ఉంటాను.”