ఆ బండి లీటరుకి ఎంత ఇచ్చేది?

నా చిన్నప్పుడు అనకాపల్లిలో మా వీధికి మొదటి మోటారుసైకిలు వచ్చింది. ఆ రోజుల్లో నాకు పట్టుకున్న అయోమయం ఒకటి, ఇన్నేళ్ళయినా పూర్తిగా వదల్లేదు.

బండి మా మావయ్యది. మా అమ్మకి తమ్ముడు, మాతోనే ఉండేవాడు. చెరకు తోటలకి నీళ్ళు తోడే మోటార్లు బాగుచెయ్యడం ఆయన పని. తుమ్మపాల దగ్గర్నుంచి సబ్బవరం దాకా ఎవరి మోటారు కాలిపోయినా మావయ్యకే కబురొచ్చేది. చాలాకాలం పనిముట్ల సంచీ తగిలించుకుని సైకిలు మీదే తిరిగి, చివరికి ఆ బండి కొన్నాడు. అమ్మినవాళ్ళు లీటరుకి ఎనభై కిలోమీటర్లు ఇస్తుందని చెప్పారట. కొబ్బరికాయ కొట్టిన రోజున మావయ్య ఆ ఎనభైని మా అమ్మకి నాలుగుసార్లు చెప్పాడు.

అప్పుడు నేను ఐదో తరగతి. లెక్కలంటే పిచ్చి. అది చూసి మావయ్య నాకో చిన్న నోటుబుక్కు ఇచ్చి, పెట్రోలు పోయించినప్పుడల్లా మీటరు మీద అంకె రాసిపెట్టమన్నాడు. ఎంత పోయించాడో ఆయన చెప్పేవాడు, ఎంత తిరిగిందో నేను తీసివేసి, భాగించి చెప్పేదాన్ని. మొదటిసారి నలభై రెండు వచ్చింది. తప్పు చేశానని భయపడి మళ్ళీ చేశాను. మళ్ళీ నలభై రెండే. తర్వాత వారం నలభై నాలుగు. ఎప్పుడు చేసినా నలభై ఐదు దాటలేదు. ఎనభై ఎక్కడికి పోయిందని అడిగితే మావయ్య నవ్వి, "ఆళ్ళ రోడ్డు మీద ఎనభై ఇచ్చుంటాదే, మన రోడ్డు మీద ఇంతే" అన్నాడు. వాళ్ళ రోడ్డు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

అంతకన్నా అర్థం కానిది ఇంకొకటి ఉంది. బండి ఆపిన ప్రతిచోటా జనం ఒకే ప్రశ్న వేసేవారు. "ఏటి, లీటరుకి ఎంతిత్తంది?" బెల్లం మార్కెట్టులో కాటా వేసే ఆయన అడిగాడు, మా బడి మాస్టారు అడిగారు, సైకిలు కూడా లేని మా చాకలి తాత అడిగాడు. మావయ్య ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు చెప్పేవాడు. తోటి పనివాళ్ళకి అరవై. మాస్టారికి యాభై ఐదు. వీధి చివర కిరాణాకొట్టు బావ సినిమాకెళ్ళాలన్నా బండి అడిగే రకం. ఆయనకి మాత్రం, "ముప్పై అయినా ఇవ్వట్లేదు బావా, తాగేత్తంది" అని మొహం వేలాడేసి చెప్పేవాడు. వాళ్ళలో ఏ ఒక్కరూ ఆ అంకెని గుర్తుపెట్టుకునేవారు కాదు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. అక్కర్లేని అంకెని ఎందుకు అడుగుతారో, ఉన్న అంకెని మావయ్య ఎందుకు చెప్పడో తెలియక నోటుబుక్కు పట్టుకుని తిరిగేదాన్ని.

మా ఎదురింట్లో ఒక గది అద్దెకి తీసుకుని ఎండుచేపలు అమ్ముకునే పిన్ని ఒకామె ఉండేది. భర్త పూడిమడకలో వేటకి వెళ్ళేవాడు, పది రోజులకోసారి వచ్చిపోయేవాడు. వాళ్ళకి ఆరేళ్ళ కూతురు. ఒకరోజు పొయ్యి మీది ఎసరు దొర్లి ఆ పిల్ల కుడి చెయ్యి భుజం నుంచి ముంజేతి దాకా కాలిపోయింది. ఇక్కడి డాక్టరు చూసి విశాఖ పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడ వారానికి రెండుసార్లు కట్టు మార్చి, చెయ్యి చాపించి చూడాలన్నారు. మానేస్తే మోచెయ్యి ముడుచుకుని అలాగే ఉండిపోతుందన్నారు.

మొదటిసారి వాళ్ళు బస్సులో వెళ్ళారు. ఆ రద్దీలో ఎవరి మోచెయ్యో తగిలి కట్టు జారిపోయింది. పిల్ల గాజువాక దాకా ఏడుస్తూనే ఉందట. అది విన్న మావయ్య మర్నాడు ఎదురింటికి వెళ్ళి, ఇకనుంచి బండి మీద తీసుకెళ్తానన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు. ఒకరి సొమ్ము ఊరికే తినే మనిషి కాదామె. మా అమ్మ కూర ఇస్తే గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు. "వద్దన్నయ్యా, అంత దూరం, నీ పెట్రోలంతా మాకే అయిపోద్ది" అంది.

మావయ్య తడుముకోకుండా, "పెట్రోలేటమ్మా, ఇది ఎనభై ఇత్తాది. వాసన సూపిత్తే పరిగెడతాది. ఒక్క లీటరుతో ఎళ్ళొచ్చేత్తాం" అన్నాడు.

రానూ పోనూ డెబ్బై పైనే. ఎనభై అయితే నిజంగానే లీటరుతో సరిపోతుంది. పిన్ని సరేనంది. అలా మూడుసార్లు వెళ్ళొచ్చారు. పిల్ల ఇద్దరి మధ్యా కూర్చుని, కాలిన చెయ్యి మావయ్య వీపుకి ఆనకుండా జాగ్రత్తగా పట్టుకునేది.

నాలుగోసారి బయల్దేరుతుండగా నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిన్ని బండి ఎక్కుతూ నా నోటుబుక్కు చూసి, ఏం రాస్తున్నావని ముచ్చటగా అడిగింది. నా లెక్కల గురించి ఒకరు అడగడమే నాకు పండగ. పేజీ తెరిచి చూపించి, "ఎనభై కాదు పిన్నీ, నలభై మూడే ఇస్తోంది. లీటరు కాదు, దగ్గర దగ్గర రెండు లీటర్లు" అని గర్వంగా చెప్పాను.

పిన్ని మొహం మారిపోయింది. ఆ రోజు వెళ్ళొచ్చారు గానీ, దిగాక "సాలన్నయ్యా. ఇంక మేం బస్సుకే ఎల్తాం. నీకు దండం పెడతాను, ఇంక అడగొద్దు" అని తలుపు వేసుకుంది.

తర్వాతి వారం బస్సులో ఒకసారే వెళ్ళారు. రెండోసారి పిల్ల బస్సు చూడగానే బిగుసుకుపోయి ఎక్కనంది. బస్సు కాంప్లెక్సు నుంచి వెనక్కి తీసుకొచ్చేసింది పిన్ని. ఆ సాయంత్రం ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని, కాలిన చేతిని ఒళ్ళో పిల్లిపిల్లలా పెట్టుకుని ఉంది. మోచెయ్యి వంగే ఉంది. నేను అన్నం తినలేదు. నిజమే చెప్పాను కదా, తప్పేమిటని అమ్మని అడిగితే, "నువ్వు సెప్పింది అబద్దమని ఎవులన్నారు?" అని తన పనిలో పడింది. మావయ్య ఎప్పటిలాగే పెట్రోలు ఎంత పోయించాడో చెప్పి రాసుకోమన్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

రెండు రోజుల తర్వాత మావయ్య పొద్దున్నే బండిని ఎదురింటి వాకిట్లో నిలబెట్టి పిన్నిని పిలిచాడు. కార్బరేటరు బాగుచేయించానని, ఇప్పుడు లీటరుకి డెబ్బై పైనే ఇస్తోందని, నమ్మకపోతే కళ్ళతో చూడమని అన్నాడు. ట్యాంకు కింది పైపు ఊడదీసి డబ్బా పెట్టాడు. పెట్రోలు ధారగా కారి, సన్నబడి, చుక్కలై ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ. అప్పుడు లీటరు సీసా తెచ్చి, పిన్ని చూస్తుండగా అందులో వంపాడు. "ఇదొక్కటే. దారిలో ఆగిపోతే నేనే నిన్ను బస్సెక్కిత్తాను. లెక్క మాత్రం నా మేనకోడలు రాత్తాది. అది అబద్దం సెప్పదని నీకు తెలుసు గదా" అన్నాడు.

నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. మీటరు రాసుకున్నాను. వెళ్ళేటప్పుడు ఏమీ జరగలేదు. ఆసుపత్రిలో పిల్ల చెయ్యి చాపిస్తుంటే దాని కేక వరండాలోకి వినిపించింది. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఇంకా ఆలస్యమైతే చెయ్యి రాదని డాక్టరమ్మ కోప్పడిందని చెప్పింది.

తిరిగొస్తుంటే ఇంకా గాజువాక రాకముందే బండి దగ్గింది. ఒక్కసారి ఊగి, వేగం తగ్గింది. నా లెక్క ప్రకారం అది అక్కడ ఆగాల్సిందే. అప్పుడు మావయ్య ఎడమ చెయ్యి హ్యాండిలు వదిలి నా మోకాలి పక్కనుంచి ట్యాంకు కిందికి వెళ్ళింది. అక్కడున్న చిన్న కుళాయిని తిప్పింది. బండి మళ్ళీ అందుకుంది.

ఆ కుళాయి ఏమిటో నాకు తెలుసు, బండి కొన్న కొత్తలో ఆయనే చూపించాడు. మామూలుగా ఉంచితే ట్యాంకు అడుగున కొంత పెట్రోలు దిగకుండా మిగిలి ఉంటుంది. కుళాయి రిజర్వుకి తిప్పితే అదీ దిగుతుంది. పొద్దున్న వాకిట్లో ట్యాంకు ఖాళీ చేసినప్పుడు ఆయన కుళాయిని రిజర్వుకి తిప్పలేదు. అడుగున ఇంకో లీటరు పైన అలాగే ఉంది. ముందు రోజు సాయంత్రం ఆయన పెట్రోలు బంకుకి ఎందుకు వెళ్ళొచ్చాడో అప్పుడు తెలిసింది.

ఇంటి ముందు దిగాం. నేను మీటరు చూసి తీసివేత చేశాను. డెబ్బై మూడు. పిన్ని నా ముందు గొంతుక్కూర్చుని, "సెప్పు తల్లీ, ఎంతొచ్చింది?" అని అడిగింది. మావయ్య మాకు వీపు తిప్పి గుడ్డతో బండి తుడుస్తున్నాడు. నాకు చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పక్కన పిల్ల కొత్త కట్టుతో నిలబడి ఉంది. తిరిగింది డెబ్బై మూడు, అది నిజం. వాకిట్లో పోసింది లీటరు, అదీ నిజం. రెండు నిజాలూ కలిపితే అబద్ధం ఎలా అవుతుందో ఏ మాస్టారూ నాకు నేర్పలేదు.

"డెబ్బై మూడు పిన్నీ" అన్నాను.

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నా బుగ్గ మీద చెయ్యేసి, "నీ లెక్క బాగుందమ్మా" అని లేచి, మావయ్యతో "శుక్రవారం బేగి బయల్దేరదాం అన్నయ్యా" అంది.

కట్లు తీసేసేదాకా, ఆ తర్వాత చెయ్యి పూర్తిగా చాపేదాకా, వాళ్ళు బండి మీదే వెళ్ళారు. నేను ఆ ప్రయాణాలకి లెక్క రాయలేదు. రాయొద్దని ఎవరూ చెప్పలేదు, నాకే చేతులు రాలేదు. బండి దగ్గినప్పుడు పిన్ని వెనకే కూర్చుని ఉంది. ఆమె పుట్టినింట్లో ఇంజను పడవ కూడా ఉండేదని, ఇంజన్ల సంగతి ఆమెకి కొత్త కాదని తర్వాత ఎప్పుడో విన్నాను. ఆమెకి తెలిసే ఒప్పుకుందా, తెలియక ఒప్పుకుందా? ఒకసారి మావయ్యనే అడిగాను. ఆయన "నాకూ తెల్దే" అన్నాడు.

పెద్దయ్యాక ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలే చెప్పాను. సరైన జవాబుకి మార్కులు వేశాను, తప్పు జవాబుని కొట్టేశాను. కానీ బడి బయట ఎవరైనా నన్ను "ఎంత?" అని అడిగితే మాత్రం, జవాబు తెలిసినా ఒక్క క్షణం ఆగి అడిగినవాళ్ళ మొహం చూడటం ఆ రోజు నుంచి అలవాటైపోయింది. మొన్న పక్కింటి కోడలు ఆపరేషనై ఇంటికొస్తే క్యారియరు తీసుకెళ్ళాను. అచ్యుతాపురం కంపెనీలో పని ఆ పిల్లది, ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. "నా కోసం ఎంతసేపు పొయ్యి దగ్గర నిలబడ్డారు పెద్దమ్మా?" అని నొచ్చుకుంది. "నీ కోసమేటమ్మా, మాకు వండిందే మిగిలిపోయింది" అన్నాను. పొద్దుటి నుంచీ వంటింట్లో నాకు సాయం చేసిన మా మనవరాలు పక్కనే ఉంది. అది నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, నా వైపు అదోలా చూసింది. ఇంటికొచ్చేటప్పుడు దారంతా అది అడుగుతుందేమోనని చూశాను. అడిగితే ఏం చెప్పాలో నాకింకా తెలియదు.